ఆటల సీజన్‌కు ముందు కుంటుతున్న పిల్లల తుంటి చూపించండి

పదేళ్లు దాటిన పిల్ల మోకాలు నొప్పి అంటూ కుంటుతుంటే మోకాలొక్కటే చూసి వదిలేయకండి. తుంటి కీలులో పుట్టిన నొప్పి తొడ ముందు భాగం మీదుగా మోకాలి దాకా దిగుతుంది. అందుకే మోకాలి ఎక్స్‌రే బాగుందని తేలాక కూడా కుంటు తగ్గకపోతే తుంటి చూడమని మీరే అడగాలి. ఎదిగే వయసు నొప్పులైతే ఎక్కువగా రెండు కాళ్లకూ, సాయంత్రమో రాత్రో వస్తాయి, తెల్లారేసరికి పోతాయి. పగలు కుంటు ఉందంటే అది వేరే సంగతి.

ఆ వేరే సంగతుల్లో అరుదైనది ఇడియోపతిక్ కాండ్రోలైసిస్. తుంటి బంతి (తొడ ఎముక గుండ్రటి పైకొన) మీద, అది కూర్చునే గిన్నె లోపల ఉండే మృదులాస్థి, అంటే ఎముకలు రాసుకోకుండా కాపాడే నున్నటి పొర, నెలల్లోనే కరిగిపోతుంది. దెబ్బ తగలక్కర్లేదు, ఇన్ఫెక్షన్ ఉండక్కర్లేదు. కారణం ఇప్పటికీ తేలలేదు. 1971లో దక్షిణాఫ్రికాలో జోన్స్ అనే వైద్యుడు దీన్ని విడిగా గుర్తించి రాశారు. ఎక్కువగా 12 ఏళ్ల అటూ ఇటూ ఆడపిల్లల్లో, ఒక తుంటికే వస్తుంది. జ్వరం ఉండదు, రక్త పరీక్షలు చాలావరకు మామూలుగానే ఉంటాయి. ఇంట్లోవాళ్లు ఆలస్యం చేయడానికి ఇదే పెద్ద కారణమని నాకనిపిస్తుంది.

ప్రాక్టీసు మొదలయ్యే ముందు ఇంట్లో ఒకటి చూడొచ్చు. పిల్లను బోర్లా పడుకోబెట్టి, రెండు మోకాళ్లూ మడిచి, పాదాలు తమంతట తాము బయటివైపు వాలేలా వదలమనండి. పాదం బయటికి వాలుతోందంటే లోపల తుంటి లోపలివైపు తిరుగుతున్నట్టు. ఒక పాదం బాగా వాలి, రెండోది నిటారుగానే ఆగిపోతే ఆ తుంటి బిగుసుకుంటోందని అర్థం. చేత్తో నొక్కకండి, నొప్పి అంటే అక్కడే ఆపేయండి. నిలబడినప్పుడు నడుము ఒక పక్కకు ఒరిగి, ఒక కాలు పొడుగైనట్టు కనిపించినా, మోకాలు వంచుకునే నిలబడుతున్నా అనుమానించాల్సిందే. ఇంట్లో చేసిన ఈ పరీక్ష బాగున్నంత మాత్రాన జబ్బు లేదనుకోకూడదు. కుంటు వారం దాటితే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే, అప్పటిదాకా పరుగులూ దూకడాలూ బంద్.

కొన్నింటికి వారం ఆగకూడదు. జ్వరంతో పాటు కాలు కదపనివ్వకపోతే కీలులో చీము పట్టి ఉండొచ్చు. ఉన్నట్టుండి కాలు మోపలేకపోతే తుంటి బంతి పైభాగం ఎదుగుదల పొర దగ్గర జారి ఉండొచ్చు. రెండింట్లో ఏదైనా అదే రోజు ఆస్పత్రికి, అదీ నడిపించకుండా తీసుకెళ్లాలి. మాలిష్ చేయించడం, కాలు లాగించడం అసలు వద్దు.

డాక్టరు దగ్గర రెండు తుంటులూ కనిపించేలా ఎక్స్‌రే తీస్తారు. ఎముకల మధ్య కనిపించే ఖాళీ, అంటే మృదులాస్థి ఉన్న చోటు, సాధారణంగా 3 నుంచి 5 మిల్లీమీటర్లు ఉంటుంది. అది 3 కన్నా తగ్గితే మృదులాస్థి పోతున్నట్టు. అయితే మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చు, అప్పుడు ఎమ్మారై పనికొస్తుంది. క్షయ, కీళ్లవాతం, చీము లేవని తేల్చుకున్నాకే ఈ పేరు పెడతారు కాబట్టి కీలులోంచి నీరు తీసి పరీక్షిస్తామంటే కంగారు పడకండి. ఇంట్లో ఏ నొప్పి మాత్ర ఇచ్చారో, ఎప్పుడిచ్చారో రాసుకుని వెళ్లండి. మాత్ర పనిచేస్తున్న గంటలో పిల్ల బాగానే నడిచి చూపిస్తుంది మరి.

జబ్బు తేలాక చాలామంది పిల్లను మంచానికి కట్టేసినట్టు పడుకోబెడతారు. అది తప్పు. కీలు మీద బరువు తగ్గాలి, కదలిక మాత్రం ఆగకూడదు. అందుకే చంకకర్రలు ఇస్తారు, వాటితో పాటే ఫిజియోథెరపీ చేయిస్తారు. వీలైతే నీళ్లలో వ్యాయామం కూడా. రోజూ కాసేపు బోర్లా పడుకోబెట్టమని చెప్పడం మామూలే, తుంటి ముందువైపు వంగిపోయి బిగుసుకోకుండా ఉండటానికి. హాయిగా ఉంటుందని మోకాలి కింద దిండు పెడితే సరిగ్గా ఆ వంపే ముదురుతుంది. ఫిజియోథెరపీలో కాస్త లాగినట్టుంటే ఫర్వాలేదు. ఆ రాత్రి నిద్ర పట్టనంత నొప్పి వస్తే మాత్రం మోతాదు తగ్గించమని చెప్పండి.

వాపు తగ్గించే మాత్రలు తిన్నాకే వేయాలి. పేర్లు వేరైనా ఒకే రకం మందులు రెండు కలిపి ఇవ్వకూడదు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు డాక్టరును అడగందే వేయకండి, కిడ్నీల మీద పడుతుంది. మందులకూ వ్యాయామానికీ లొంగకపోతే బిగిసిన కండరాలనూ కీలు చుట్టూ ఉన్న పొరనూ వదులు చేసే ఆపరేషన్ గురించి మాట్లాడతారు.

స్కూలుకు డాక్టరు చీటీ ముందే ఇవ్వండి: మెట్లు తగ్గించాలి, బ్యాగు మోయించకూడదు, నేల మీద కూర్చోబెట్టకూడదు, గంటల తరబడి ఒకే భంగిమలో ఉంచకూడదు. ఆటల టీచరుతో విడిగా మాట్లాడటం మంచిది, బయటికి కట్టు కనపడదు కాబట్టి నటిస్తోందనుకునే ప్రమాదం ఉంది.

ఇది వారాల్లో తేలే వ్యవహారం కాదు, నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. కొందరిలో కీలు ఖాళీ మళ్లీ పెరిగి నడక దాదాపు మామూలవుతుంది, కొందరిలో తుంటి బిగుసుకుపోతుంది. ఎవరికి ఏది జరుగుతుందో ముందే చెప్పే డాక్టరు దొరకరు. నొప్పి పోయిందని పిల్ల తనంతట తాను చంకకర్రలు పక్కన పెట్టేసి మైదానంలోకి దిగకుండా చూసుకోండి. మళ్లీ ఎక్స్‌రే తీసి, కదలిక కొలిచాకే ఆటకు అనుమతి అడగాలి, మొదట ఈత, సైకిలు, పరుగు అన్నిటికన్నా చివర.