బైపోలార్ ఉన్న ఇంట్లో మాట్లాడుకునే పద్ధతి

మా అత్తగారికి షుగరు. ఆవిడ విసుక్కుంటే ఇంట్లో అందరూ "అమ్మకు కోపం వచ్చింది" అంటారు. నాకు బైపోలార్ డిజార్డర్, అంటే కొన్నాళ్లు హద్దులేని హుషారు, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు వచ్చే మానసిక జబ్బు. నేను విసుక్కుంటే "మాత్ర వేసుకున్నావా?" అని అడుగుతారు. స్కూల్లో లెక్కలు చెప్పి అలసిపోయి వచ్చినదానికి విసుగు రాకూడదా?

మీ ఇంట్లోనూ ఇదే వరస అయితే ముందు ఆ ప్రశ్నకు పని లేకుండా చేయండి. మందుల షాపుల్లో ఏడు గదుల డబ్బాలు దొరుకుతాయి. వారానికి సరిపడా మాత్రలు సర్ది, పిల్లలకు అందకుండా, పెద్దలకు కనిపించేలా ఫ్రిజ్ మీద పెట్టండి. బుధవారం గది ఖాళీ అయిందో లేదో ఎవరైనా వెళ్లి చూసుకోవచ్చు. గ్యాస్ బండ గురించి మొదలైన తగాదా ఇక గ్యాస్ బండ దగ్గరే తేలుతుంది.

అలాగని ఇంట్లోవాళ్ల నోరు కట్టేయకండి. హుషారు హద్దు దాటుతున్నప్పుడు మనకంటే ముందు వాళ్లకే తెలుస్తుంది. మనకు అప్పుడు అంతా బ్రహ్మాండంగానే ఉంటుంది మరి! అందుకే బాగున్న రోజుల్లోనే కలిసి కూర్చుని గుర్తులు రాసుకోండి. నా కాగితంలో ఇవి ఉన్నాయి: మూడు గంటలే పడుకుని ఉత్సాహంగా లేవడం, అర్ధరాత్రి ఫోనులో వరసపెట్టి చీరలు కొనడం, ఎదుటివాళ్లను మాట పూర్తిచేయనివ్వకపోవడం. "నీకు మళ్లీ మొదలైంది" అంటే నేను పోట్లాటకు దిగుతాను. "రెండు రాత్రులుగా నువ్వు నిద్రపోలేదు, డాక్టరుగారికి ఫోన్ చేద్దామా?" అంటే వింటాను, కాస్త గొణిగి అయినా.

డాక్టరు దగ్గరా అంతే. "ఏదోలా ఉంది" అంటే ఆయన ఏం చేస్తారు? ఎన్ని గంటలు నిద్రపోయారో, ఎన్ని పూటలు మాత్ర మానేశారో చెప్పండి. ఈ జబ్బుకు ఇచ్చే లిథియం అనే మందు వాడుతుంటే రక్తపరీక్షకు ముందు చివరి మాత్ర ఎన్నింటికి వేసుకున్నారో తప్పక చెప్పాలి. మామూలుగా 12 గంటల తర్వాత రక్తం తీస్తారు.

ఆఫీసులో "వైద్యం తీసుకుంటున్నాను, శుక్రవారం సెలవు కావాలి" అంటే చాలు. స్టాఫ్‌రూమ్‌లో ఎవరైనా "ఎర్రగడ్డకు పంపాలి" అని జోకులు వేస్తే, "పంపనక్కర్లేదు, ఓపీ చీటీ నేనే రాయించుకుంటాను" అంటాను. ఆ రోజుకు జోకులు ఆగిపోతాయి.

ఆరోగ్య బీమా దరఖాస్తులో మాత్రం జబ్బు పేరు దాచకండి. దాచితే క్లెయిమ్ తిరస్కరించడానికి మీరే కారణం ఇచ్చినట్లు. శారీరక జబ్బులతో సమానంగానే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. ఏజెంటు కాదంటే ఆ సెక్షన్ చూపించి, జవాబు రాతపూర్వకంగా అడగండి.