బొండం సూర్యుడు, ఆవగింజ భూమి

మాది కోనసీమలో కాలువ గట్టు పక్క ఇల్లు. మనవలకు గ్రహాల పాఠం నేను పెరట్లోనే చెబుతాను. మీరూ చేసి చూడండి.

అడ్డంగా 22 సెంటీమీటర్లుండే కొబ్బరి బొండం సూర్యుడు. 2 మిల్లీమీటర్ల ఆవగింజ భూమి. నిజంగానే సూర్యుడి వ్యాసం భూమికి సుమారు 109 రెట్లు. ఆవగింజను పిల్లవాడి చేతికిచ్చి 24 మీటర్ల దూరంలో నిలబెట్టండి. గురుగ్రహానికి చిన్న ఉసిరికాయ, 122 మీటర్ల దూరం. నెప్ట్యూన్ కోసం గట్టు వెంట 700 మీటర్లు నడవాలి. ఆ నడక మాత్రం మానవద్దు. అక్కడి నుంచి తిరిగి చూస్తే బొండం కంటికి ఆనదు. అప్పుడు ఖురాన్‌లోని యాసీన్ సూరా (అధ్యాయం)లోని మాట చెప్పండి: సూర్యుడు చంద్రుణ్ణి అందుకోలేడు, రాత్రి పగటిని దాటిపోదు, అన్నీ తమ తమ కక్ష్యల్లో ఈదుతున్నాయి. కాలువలో ఈత నేర్చిన పిల్లలకు ఆ 'ఈదడం' ఎంత బాగా అందుతుందో!

నెలవంక నుంచి నెలవంక దాకా చంద్రుణ్ణి రోజూ గీయించండి. 29 లేదా 30 బొమ్మలవుతాయి. 12 చాంద్రమాసాలకు సుమారు 354 రోజులు. రంజాన్ ఏటా 11 రోజులు ముందుకెందుకు జరుగుతుందో వాళ్లే లెక్క కడతారు.

గ్రహణమంటే భయపెట్టకండి. ప్రవక్త ముహమ్మద్ (స) కుమారుడు ఇబ్రాహీం చనిపోయిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ మరణం వల్లనే అనుకున్నారు జనం. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలనీ, ఎవరి చావు కోసమో బతుకు కోసమో వాటికి గ్రహణం పట్టదనీ ఆయన చెప్పారు. కొడుకును పోగొట్టుకున్న తండ్రి అన్న మాట అది, నెమ్మదిగా చెప్పండి. తర్వాత సూర్యుడిగా దీపం, చంద్రుడిగా నిమ్మకాయ, భూమిగా బత్తాయి పెట్టి నీడ ఎలా పడుతుందో చూపించండి. సూర్యుణ్ణి నేరుగా మాత్రం చూడనివ్వకండి.