అతుకు లేని మసిగుడ్డ, అతుకు లేని పిల్లి బొమ్మ

ఊలుతో బొమ్మలు అల్లేవారికి విసుగు పుట్టేది అతుకు దగ్గరే. పిల్లి పళ్లు ముందుగా పట్టేదీ ఆ అంచునే, మసిగుడ్డ ముందుగా పిగిలేదీ అక్కడే. రెండు ముక్కలు అల్లి కలిపి కుట్టే బదులు, రెండు పొరల సంచిని ఒకేసారి అల్లవచ్చు. సాక్సుల్లా గుండ్రంగా అల్లడం రాకపోయినా పరవాలేదు. ఆ సంచిలో పాత తువ్వాలు ముక్క పెడితే మసిగుడ్డ, దూది కూరితే పిల్లికి బొమ్మ.

రెండు కొసలూ మొనదేలిన పొడవైన సూదులు మూడు తీసుకోండి. వెనుక కొసకు రబ్బరు బ్యాండు చుట్టుకుంటే కుట్లు జారిపోవు. మసిగుడ్డకు మాత్రం నూలు దారమే వాడాలి. నా మొదటి మసిగుడ్డ ఎర్రటి ఆక్రిలిక్ ఊలుది, చూడముచ్చటగా వచ్చింది. పొయ్యి మీది పెనం అంచుకు తగలగానే కరిగి, అక్కడే అంటుకుని మెరుస్తూ గట్టిపడింది. పెనం తోమడానికి ఒక పూట పట్టింది.

ముందు నమూనా అల్లి లెక్క వేసుకోండి. 40 కుట్లు ఎక్కించి, కింద చెప్పిన పద్ధతిలోనే అరచేయంత అల్లి, ఉతికి ఆరబెట్టి కొలవండి. నూలు కొంత ముడుచుకుంటుంది కనుక ఉతకకుండా కొలిస్తే లెక్క తప్పుతుంది. ఒక వైపు 10 సెంటీమీటర్లకు 20 కుట్లు వచ్చాయనుకుందాం. 18 సెంటీమీటర్ల మసిగుడ్డకు ఒక్కో పొరకు 36, రెండు పొరలకు 72 కుట్లు ఎక్కించాలి. 8 సెంటీమీటర్ల బొమ్మకు 32 చాలు. ఎంతైనా సరిసంఖ్య కావాలి.

అల్లిక ఇదీ: మొదటి కుట్టును నిట్ చేయండి (సూదిని కుట్టులో ఎడమ నుంచి కుడికి దూర్చి, దారం వెనుక ఉంచి అల్లే సాదా కుట్టు). దారాన్ని సూదుల మధ్య నుంచి ముందుకు తెచ్చి, రెండో కుట్టును అల్లకుండా, పర్ల్ (ఉల్టా కుట్టు) చేసేటప్పటిలా సూదిని కుడి నుంచి ఎడమకు దూర్చి కుడి సూది మీదికి జార్చండి. దారాన్ని మళ్లీ వెనక్కి పంపి తర్వాతి దాన్ని నిట్ చేయండి. వరుస చివరిదాకా ఇంతే. తిప్పి మళ్లీ ఇదే. పోయేటప్పుడు ఒక పొర, వచ్చేటప్పుడు రెండో పొర అల్లుకుంటాయి. అడుగు, పక్కలు వాటంతటవే మూసుకుంటాయి. ఒకసారి అటూ ఇటూ వెళ్తేనే పైకి ఒక వరుస కనిపిస్తుంది కాబట్టి, పని నత్తనడకన సాగుతోందని బెంగపడకండి.

ఒకే ఒక్క చోట పొరపాటు జరుగుతుంది. జార్చేటప్పుడు దారం ముందుకు తేవడం మరిచిపోతే రెండు పొరలూ అక్కడ కలిసిపోతాయి. నాలుగైదు వరుసలకోసారి పై నుంచి కుట్ల మధ్య వేలు దూర్చి చూడండి. ఎక్కడైనా అడ్డు తగిలితే అంతవరకు విప్పక తప్పదు. నేను నలభై వరుసలయ్యాక చూసుకున్నాను.

కావలసినంత ఎత్తు వచ్చాక బేసి కుట్లను ఒక సూది మీదికి, సరి కుట్లను ఇంకో సూది మీదికి తీయండి. సంచి నోరు తెరుచుకుంటుంది. మంచి వైపు బయటే ఉంటుంది కనుక తిరగేయనక్కరలేదు.

మసిగుడ్డయితే తువ్వాలు ముక్కను ముడత లేకుండా పరిచి, రెండు సూదులనూ పక్కపక్కన పట్టుకుని, ముందు కుట్టునూ వెనుక కుట్టునూ కలిపి ఒక్కటిగా నిట్ చేస్తూ, ముందుదాన్ని తర్వాతి దాని మీదుగా దాటిస్తూ మూసేయండి. చివర్లో రెండు జతలు మిగిలినప్పుడు దాటించడం ఆపి, వాటిని కూడా కలిపి అల్లితే సూది మీద మూడు కుట్లు ఉంటాయి. వాటిని తిప్పకుండా రెండో కొసకు జరిపి, దారం వెనుక నుంచి బిగించి అల్లుతూ పోతే గుండ్రటి తాడు వస్తుంది. పది సెంటీమీటర్లయ్యాక మూలకు కుడితే మేకుకు తగిలించే ఉచ్చు సిద్ధం. ఉతికాక పూర్తిగా ఆరనివ్వండి. తడి మసిగుడ్డలోంచి వేడి నేరుగా చేతికి తగులుతుంది.

పిల్లి బొమ్మకు పూసలు, బొత్తాల కళ్లు వద్దు, వేలాడే దారాలు అసలే వద్దు. పిల్లి దారాన్ని మింగితే పేగులు ముడుచుకుపోయి ఆపరేషన్ దాకా వెళ్లవచ్చు. అందుకే లోపల ఊలు తుంపులు కూడా కూరను, దూదే. పిల్లులకిష్టమైన క్యాట్‌నిప్ ఎండుటాకు దొరికితే, ఒక చెంచాడు చిన్న గుడ్డలో మూటగట్టి మధ్యలో పెట్టండి. ఆ వాసనను బొత్తిగా పట్టించుకోని పిల్లులూ ఉంటాయి, కోపం తెచ్చుకోకండి.

నోరు మూయడానికి బొమ్మ వెడల్పుకు నాలుగు రెట్ల దారం మిగిల్చి, మొన మొద్దుగా ఉన్న కుట్టుసూదికి ఎక్కించండి. మొదటగా ముందు సూది కుట్టులోకి పర్ల్‌లా, వెనుక సూది కుట్టులోకి నిట్‌లా దారం పోనిచ్చి, రెండు కుట్లనూ అల్లిక సూదుల మీదే ఉంచండి. ఆ తర్వాత ముందు సూదిపై మొదటిదానిలోకి నిట్‌లా పోనిచ్చి దాన్ని దించండి, తర్వాతి దానిలోకి పర్ల్‌లా పోనిచ్చి ఉంచండి. వెనుక సూదిపై ఇదే తిరగేసి: పర్ల్‌లా దించి, నిట్‌లా ఉంచండి. దారం మరీ బిగించవద్దు, పక్కన ఉన్న వరుసంత వదులు చాలు. చివరి కుట్టుకు ముడి వేసి, దారాన్ని దూది గుండా అవతలి వైపుకు లాగి, కొంచెం గుంజి పట్టుకుని మొదలంటా కత్తిరించండి. కొస లోపలికి జారిపోతుంది.