ట్యాంకు ఉంది, నల్లా ఉంది, నీళ్లే లేవు: పైసలు ఎక్కడ ఆగాయో పట్టుకోవడం ఎలా?

నీళ్లు రాకపోతే ముందు పైపు పగిలిందా, మోటారు కాలిందా అని చూస్తాం. అది సరైన పనే. కానీ పగిలిన పైపును ఒక పూటలో అతికిస్తారు. నెలలు గడిచినా నల్లా పొడిగానే ఉంటే ఆగింది నీళ్లు కాదు, డబ్బు. ఆ డబ్బు ఎక్కడ ఆగిందో తెలియక ఎంపీడీఓ ఆఫీసు ముందు ధర్నా చేస్తాం. అక్కడ వాళ్ల చేతిలో ఏమీ ఉండదు.

తెలుగు రాష్ట్రాల్లో తాగునీరు, మురుగునీటి పనులకు డబ్బు ప్రధానంగా నాలుగు దారుల్లో వస్తుంది: రాష్ట్ర బడ్జెట్, కేంద్ర పథకాల్లో వాటా (పల్లెకు జల్ జీవన్ మిషన్, పట్టణానికి అమృత్), ఆర్థిక సంఘం గ్రాంట్లు (కేంద్ర ఆర్థిక సంఘం సిఫార్సుతో పంచాయతీలకు, మున్సిపాలిటీలకు కేంద్రం ఇచ్చే డబ్బు), అప్పు. మనం కట్టే నల్లా బిల్లును అయిదో దారి అనాలి గానీ, నిజానికి అది కాలిబాట.

మీ పని ఏ దారిలో వచ్చిందో ముందు తెలుసుకోండి. ట్యాంకు కాళ్ల మీదో, దాని పక్కన శిలాఫలకం మీదో పెయింటుతో రాసి ఉంటుంది: పథకం పేరు, ఎన్ని వేల లీటర్లు, అంచనా ఎంత. పైన నాయకుల పేర్లే చదివి వచ్చేస్తాం. కింది వరుస చదివి ఫోన్లో ఫొటో తీసుకోండి.

లక్షణం: శంకుస్థాపన అయింది, పలుగు మాత్రం పడలేదు

కారణం: పరిపాలనా అనుమతిని మనం డబ్బు అనుకోవడం. 'ఇన్ని లక్షలకు మంజూరు' అని జీవో వస్తే పేపర్లో వార్త వస్తుంది, ఖాతాలో పైసా రాదు. ఆ తర్వాత సాంకేతిక అనుమతి (డిజైనుకు, అంచనాకు ఇంజినీర్ల ఆమోదం), టెండరు, అగ్రిమెంటు ఉన్నాయి. వాటా పథకమైతే ఇంకో మెలిక. జల్ జీవన్‌లో మన రెండు రాష్ట్రాలకూ కేంద్రం సగం, రాష్ట్రం సగం (హిమాలయ, ఈశాన్య రాష్ట్రాలకైతే 90:10). కేంద్రం ఒక విడత ఇచ్చాక రాష్ట్రం తన సగం కలిపి ఖర్చు పెట్టాలి, ఖర్చయిందని చూపే వినియోగ పత్రాలు పంపాలి. అప్పుడే తర్వాతి విడత. రాష్ట్రం తన వాటా వేయకపోతే కేంద్రం సగం కూడా ఆగుతుంది. అంటే రూపాయి దాచుకోబోయి రెండు రూపాయల పని పోగొట్టుకోవడం.

పట్టణాల్లో అమృత్ 2.0 (2021 అక్టోబరులో మొదలైంది) లెక్క వేరు. లక్షలోపు జనాభా ఉన్న ఊరికి కేంద్రం సగం ఇస్తుంది, లక్ష నుంచి పది లక్షలలోపు అయితే మూడో వంతు, పది లక్షలు దాటితే పావు వంతు. అదీ 20, 40, 40 శాతం చొప్పున మూడు విడతల్లో. మిగతాది రాష్ట్రమో మున్సిపాలిటీయో పెట్టుకోవాలి.

పరిష్కారం: ఏఈని (అసిస్టెంట్ ఇంజినీరును) మూడు నంబర్లు అడగండి: జీవో నంబరు, సాంకేతిక అనుమతి నంబరు, అగ్రిమెంటు నంబరు. మూడోది లేదంటే టెండరు దగ్గరే ఆగింది. ఎవరూ టెండరు వేయలేదని చెబితే నమ్మొచ్చు. అదే డివిజన్లో పాత బిల్లులు పెండింగ్‌లో ఉంటే కొత్త పనికి కాంట్రాక్టర్లు ముందుకు రారు.

లక్షణం: పని సగంలో ఆగింది, కాంట్రాక్టరు ఫోన్ ఎత్తడు

నల్ల పైపుల చుట్టలు రోడ్డు పక్కన పడి ఉంటాయి. వాటి మధ్య గడ్డి మొలుస్తుంది. ఊరంతా కాంట్రాక్టరును తిడుతుంది. కొన్నిసార్లు న్యాయమే: టెండరులో అంచనా కంటే మరీ తక్కువకు కోట్ చేసి, గిట్టుబాటు కాక పారిపోయేవాళ్లు ఉన్నారు. ఎక్కువసార్లు మాత్రం బిల్లు రాలేదు.

బిల్లు నడిచే దారి ఇది. ఏఈ కొలతలు తీసి ఎంబీలో (కొలతల పుస్తకంలో) ఎక్కిస్తారు, ఆయన పై ఇంజినీరు డీఈ సరిచూస్తారు, ఆ పైనున్న ఈఈ పాస్ చేస్తారు. ఆ తర్వాత ఆన్‌లైన్‌లో బిల్లు పెడతారు. ఆంధ్రలో దాన్ని సీఎఫ్ఎంఎస్ అంటారు, తెలంగాణలో ఐఎఫ్ఎంఐఎస్. బిల్లుకు ఒక నంబరు పడుతుంది. నంబరు పడిందంటే డబ్బు పడినట్టు కాదు, క్యూలో నిలబడినట్టు. నిధులు ఎప్పుడు వదలాలో చూసేది ఆర్థిక శాఖ.

పరిష్కారం: 'ఎంబీ రికార్డు అయిందా?' అని ఒక్క మాట అడగండి. కాలేదంటే తగాదా ఏఈ, డీఈలతోనే, మండలంలోనే తేలుతుంది. అయి, బిల్లు నంబరు కూడా ఉంటే ఇంజినీర్లను నిలదీసి లాభం లేదు. ఆ నంబరు కాగితం మీద రాసి ఎమ్మెల్యే చేతికి ఇవ్వండి. 'మా ఊరి నీళ్ల పని చూడండి సార్' అంటే చూస్తాననే జవాబే వస్తుంది. నంబరు ఇస్తే ఆయన పీఏ కనీసం ఒక ఫోన్ చేయగలడు.

లక్షణం: అన్నీ కట్టారు, నీళ్లు మాత్రం రావు

ఎక్కువ ఊళ్లకు పట్టిన జబ్బు ఇదే. కట్టే డబ్బు వేరు, నడిపే డబ్బు వేరు. పథకాలు, అప్పులు ట్యాంకు కట్టడానికి వస్తాయి. కరెంటు బిల్లు, వాటర్‌మ్యాన్ జీతం, బ్లీచింగ్ పౌడరు, మోటారు రివైండింగ్ ఊరి నెత్తినే పడతాయి.

లెక్క వేసి చూడండి. 5 హెచ్‌పీ మోటారు రోజుకు 8 గంటలు తిరిగితే సుమారు 30 యూనిట్లు, నెలకు 900. యూనిట్‌కు 7 రూపాయలు అనుకుంటే 6,300. ఊళ్లో 300 నల్లాలు, ఇంటికి నెలకు 30 రూపాయల పన్ను అనుకుందాం. అందరూ కడితే 9,000. సగం మందే కడితే 4,500, కరెంటుకే చాలదు. వాటర్‌మ్యాన్ జీతం సంగతి ఇంకా ఎత్తనే లేదు. అతనికి మూడు నెలలు జీతం ఇవ్వకపోతే వాల్వు తిప్పేది ఎవరు?

ఈ లోటు పూడ్చడానికి పంచాయతీకి ఉన్న పెద్ద ఆసరా ఆర్థిక సంఘం గ్రాంట్లు. 15వ ఆర్థిక సంఘం (2021-26) పంచాయతీల గ్రాంటులో 60 శాతానికి షరతు పెట్టింది: 30 శాతం తాగునీటికి, 30 శాతం పారిశుధ్యానికి. తాగునీటి వాటాను వీధి దీపాలకు పెట్టకూడదు. ఆ సంఘం నిబంధన ప్రకారం కేంద్రం నుంచి వచ్చిన పది పనిదినాల్లోపు రాష్ట్రం పంచాయతీలకు బదిలీ చేయాలి, ఆలస్యమైతే వడ్డీతో. కానీ ఎన్నికైన పాలకవర్గం ఉండాలి, ఆడిట్ అయిన లెక్కలు ఆన్‌లైన్‌లో పెట్టాలి. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు ఎన్నికల దాకా పల్లెల్లో ప్రత్యేక అధికారుల పాలనే నడిచింది. ఆ కాలంలో ఆర్థిక సంఘం నిధులు నిలిచిపోయాయి. ఓటు పడకపోతే బోరు మోటారుకు రిపేరు డబ్బు ఆగుతుందని మనకు అలా తెలిసింది. ఆంధ్రలో ఇంకో రకం దెబ్బ: పంచాయతీ ఖాతాల్లోని ఆర్థిక సంఘం డబ్బును కరెంటు బకాయిలకు మళ్లించారని సర్పంచులు రోడ్డెక్కారు.

అప్పుతో కట్టిన పథకాల సంగతి వేరు. 2016 ఆగస్టులో గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రారంభమైన మిషన్ భగీరథకు (తెలంగాణ ఇంటింటి తాగునీటి పథకం) ఎక్కువ భాగం డబ్బు ఒక కార్పొరేషన్ పేరు మీద, ప్రభుత్వ గ్యారంటీతో తెచ్చిన అప్పే. ఇలాంటి బడ్జెట్ బయటి అప్పులను కూడా రాష్ట్ర రుణ పరిమితిలో కలిపి లెక్కిస్తామని 2022లో కేంద్రం చెప్పాక ఆ దారి ఇరుకైంది. కిస్తీ మాత్రం ఆగదు. బడ్జెట్లో ముందు కిస్తీ, తర్వాతే రిపేర్లు.

పరిష్కారం: ముందు నీళ్లు కొలవండి. జల్ జీవన్ లెక్కన మనిషికి రోజుకు 55 లీటర్లు, భగీరథ లెక్కన పల్లెలో 100. అయిదుగురున్న ఇంటికి 20 లీటర్ల బకెట్‌తో మొదటిది 14 బకెట్లు, రెండోది 25. నాలుగు వీధుల్లో, వారం రోజులు, బకెట్లు లెక్కపెట్టి నోట్‌బుక్కులో రాయండి. 'నీళ్లు సరిగా రావట్లేదు' అనే మాటకు లేని బలం ఆ పేజీకి ఉంటుంది. తర్వాత ఈ-గ్రామస్వరాజ్ సైట్‌లో మీ పంచాయతీ పేరు కొట్టి, తాగునీటి పద్దులో ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది చూడండి. లాగిన్ అక్కర్లేదు. డబ్బుండీ వాడలేదంటే, ఆ రిపేరు గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో లేకపోవడం వల్లే కావచ్చు. గ్రామసభలో తీర్మానం చేయించి ప్రణాళికలో ఎక్కించండి. 2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం, కాబట్టి కొత్త షరతులేమిటో పంచాయతీ కార్యదర్శిని అడగడం మంచిది.

జల్ జీవన్‌లో ఊరి లోపలి పనుల ఖర్చులో 10 శాతం ఊరు భరించాలి (ఎస్సీ, ఎస్టీలు సగానికి మించి ఉంటే 5 శాతం), డబ్బుగానో శ్రమగానో. మన దగ్గర దీన్ని పట్టించుకున్న ఊళ్లు నాకు తక్కువే కనిపించాయి. చేతి డబ్బు పడని ట్యాంకు మనది అనిపించదు, మరి.

లక్షణం: మురుగు శుద్ధి కేంద్రం ఉంది, మురుగు చెరువులోకే పోతోంది

కారణం: ప్లాంటు ఒక పథకంలో, దాని దాకా పైపులైను ఇంకో పథకంలో, ఇంటి కనెక్షన్ ఎవరి పద్దులోనూ లేకపోవడం. పట్టణంలో తరచూ కనిపించేది ఇదే. ప్లాంటు రిబ్బన్ కటింగుకు బాగుంటుంది, భూమిలోని పైపుకు ఆ సుఖం లేదు. పైగా అమృత్ 2.0 మురుగు పనులకు మొదటి అమృత్‌లోని 500 నగరాలకే డబ్బిస్తుంది. చిన్న పట్టణానికి నీళ్ల పని మాత్రమే. మీది చిన్న ఊరైతే భూగర్భ డ్రైనేజీ కోసం ఎదురుచూడకుండా సెప్టిక్ ట్యాంకుల మలవ్యర్థాల శుద్ధి కేంద్రం అడగండి. ఖర్చు చాలా తక్కువ.

హైదరాబాద్‌లో మరో ముడి. 2021 జనవరి నుంచి ఇంటికి నెలకు 20 వేల లీటర్ల దాకా ఉచితం. జనానికి మేలే. కానీ ఆ ఆదాయాన్ని ప్రభుత్వం జలమండలికి (నగర నీటి బోర్డుకు) భర్తీ చేయకపోతే, కృష్ణా, గోదావరి నుంచి నీళ్లు ఎత్తిపోసే కరెంటు బిల్లు, పాత మురుగు లైన్ల మార్పిడి రెండూ వెనక్కి పోతాయి.

ఏదీ తేలకపోతే

సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు గ్రామ స్థాయిలో లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. 'నీళ్లు ఎందుకు రావట్లేదు' అని రాస్తే జవాబు రాదు, అది వాళ్ల దగ్గరున్న కాగితం కాదు. ఇలా రాయండి: 'ఫలానా పనికి సంబంధించి పరిపాలనా అనుమతి, అగ్రిమెంటు, ఎంబీ పేజీలు, ఇప్పటిదాకా చెల్లించిన బిల్లులు, పెండింగ్ బిల్లుల వివరాల నకళ్లు ఇవ్వగలరు.' 30 రోజుల గడువు. ఇవ్వకపోతే అదే శాఖలో మొదటి అప్పీలు. ఎంబీ పేజీ చేతికొచ్చాక దానితో పాటు టేపు పట్టుకుని వెళ్లి పైపులైను కొలవండి.