కరగని పాలిమర్‌ను కొలవడం: అడ్డుబంధాల పాలీస్టైరీన్ తయారీ, నిర్మాణ పరిశీలన

శాఖలు ఎన్ని ఉన్నా, విడివిడి అణువులుగా మిగిలిన పాలిమర్ తగిన ద్రావణిలో కరుగుతుంది. గొలుసులన్నీ అడ్డుబంధాలతో ఒకే వలగా ముడిపడిన పాలిమర్ మాత్రం ఉబ్బుతుందే తప్ప కరగదు. స్టైరీన్‌లో, రెండు వినైల్ సమూహాలు ఉండి రెండు గొలుసులను కలపగల డైవినైల్‌బెంజీన్‌ను అతి స్వల్పంగా కలిపినా ఇదే జరుగుతుందని రసాయన శాస్త్రవేత్తలు స్టౌడింగర్, హోయర్ 1934లోనే చూపారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయాల్లో ఈ రంగంలోకి కొత్తగా వచ్చే పరిశోధక విద్యార్థులు ఈ స్టైరీన్-డైవినైల్‌బెంజీన్ జంటతోనే మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం. ఎందుకంటే కరగని పదార్థపు నిర్మాణాన్ని పరోక్షంగా ఎలా రాబట్టాలో ఇది చక్కగా నేర్పుతుంది.

ముందుగా రెండు మోనోమర్లనూ క్షార అల్యూమినా గొట్టం గుండా పంపి, నిల్వలో పాలిమర్‌గా మారకుండా వాటిలో కలిపిన నిరోధకాన్ని తొలగించాలి. బజారులో దొరికే డైవినైల్‌బెంజీన్ శుద్ధమైనది కాదు; 55 శాతం, 80 శాతం గ్రేడ్లలో మిగిలిన భాగం చాలావరకు ఇథైల్‌వినైల్‌బెంజీన్ కనుక, లెక్కను సీసాపై రాసిన శాతాన్ని బట్టే వేయాలి. మిశ్రమంలో చర్యను మొదలుపెట్టే ఏఐబీఎన్‌ను సుమారు అర శాతం కరిగించి, మంచులో ఉంచి నైట్రోజన్ పంపాలి. చల్లగా ఉంచకపోతే వాయువుతో పాటు స్టైరీన్ కూడా ఎగిరిపోయి నిష్పత్తి మారిపోతుంది. ఆ తరువాత 65-70 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక రోజు, చివర 90 దాటించి మరికొన్ని గంటలు ఉంచాలి. చర్య ముదిరి ద్రవం చిక్కబడే కొద్దీ వేగం, వేడి రెండూ పెరుగుతాయి కాబట్టి కొద్ది గ్రాములకు మించకుండా, గొట్టంలో ఖాళీ వదిలి, ఫ్యూమ్ హుడ్‌లో రక్షణ తెర వెనకే చేయాలి.

వచ్చిన గడ్డను చిన్న ముక్కలు చేసి, తూచి, టోలుయీన్‌తో సాక్స్‌లెట్‌లో (ద్రావణిని మరిగించి, చల్లార్చి పదే పదే నమూనా మీదుగా పంపే పరికరం) 24 గంటలు కడగాలి. మే నెలలో ఇక్కడి కుళాయి నీరు కండెన్సర్‌కు సరిపడేంత చల్లగా ఉండదు, అందువల్ల చిల్లర్ తప్పనిసరి. హీటింగ్ మాంటిల్, చిల్లర్ రెండూ ఒకే విద్యుత్ లైన్‌పై ఉండేలా చూడాలి. కరెంటు పోయినప్పుడు చిల్లర్ ఆగి, మాంటిల్ మాత్రం జనరేటర్‌పై నడుస్తూ ఉంటే టోలుయీన్ ఆవిరి గదిలోకి వస్తుంది. మిగిలిన ఘనాన్ని వాక్యూమ్ ఓవెన్‌లో బరువు స్థిరపడేవరకు ఆరబెడితే, తొలి బరువులో దాని శాతమే జెల్ భాగం.

కరిగి వచ్చిన భాగాన్ని పారబోయకూడదు. వలలో చేరని శాఖాయుత అణువులు అందులోనే ఉంటాయి. వాటిని జీపీసీలో (అణువులను పరిమాణాన్ని బట్టి వేరుచేసే జెల్ పర్మియేషన్ క్రోమటోగ్రఫీ) కాంతి పరిక్షేపణ డిటెక్టర్‌తో పరిశీలించి, అంతే అణుభారం గల సరళ పాలీస్టైరీన్‌తో గైరేషన్ వ్యాసార్ధాన్ని (అణువు ఎంత మేర విస్తరించి ఉందో చెప్పే కొలత) పోల్చాలి. శాఖాయుత, సరళ అణువుల వ్యాసార్ధాల వర్గాల నిష్పత్తి ఒకటి కంటే ఎంత తగ్గితే శాఖలు అంత ఎక్కువని 1949 నాటి జిమ్-స్టాక్‌మేయర్ సిద్ధాంతం చెబుతుంది. సరళ ప్రమాణాలతో మాత్రమే క్యాలిబ్రేట్ చేసిన జీపీసీ శాఖాయుత పాలిమర్ అణుభారాన్ని తక్కువగా చూపుతుంది.

ఇక అసలు కొలత ఉబ్బుదల. ఆరిన ముక్కను 25 డిగ్రీల స్థిర ఉష్ణోగ్రత తొట్టిలో, టోలుయీన్‌లో బరువు పెరగడం ఆగేవరకు ఉంచాలి. తీసిన వెంటనే వడపోత కాగితంతో పైతడి అద్ది, మూత ఉన్న తూనిక సీసాలో తూచాలి. వేసవి గాలికి కొద్ది సెకన్ల ఆలస్యం కూడా విలువను మార్చేస్తుంది. బరువుల నుంచి పాలిమర్ ఘనపరిమాణ భాగాన్ని లెక్కించి ఉబ్బుదలను ముడుల సాంద్రతతో కలిపే ఫ్లోరీ-రేనర్ సమీకరణంలో ఉంచితే, రెండు ముడుల మధ్య గొలుసు సగటు అణుభారం వస్తుంది.

ఇక్కడే చాలా నివేదికలు తప్పుతాయి. 2 మోల్ శాతం డైవినైల్‌బెంజీన్ పూర్తిగా ముడులుగా మారితే ఆ అణుభారం సుమారు 2,600 ఉండాలి. కొలిచిన విలువ దీనితో సరిపోవడం అరుదు: ఒక వైపే చర్య జరిగి వేలాడే వినైల్ సమూహాలు, తన గొలుసుతోనే ముడిపడిన ఉచ్చులు, ఒక కొస మాత్రమే వలకు అంటిన గొలుసులు దాన్ని పెంచుతాయి, గొలుసుల చిక్కులు తగ్గిస్తాయి. వేసిన మోతాదునే అడ్డుబంధ సాంద్రతగా రాయడం అందువల్ల సమంజసం కాదు.

వేలాడే వినైళ్లను పరారుణ వర్ణపటంలో 1630 సెం.మీ⁻¹ వద్ద, ఘనస్థితి కార్బన్-13 ఎన్‌ఎంఆర్‌లో 112 పీపీఎం దగ్గర వెతకాలి. ఘనస్థితి ఎన్‌ఎంఆర్ కోసం హైదరాబాద్‌లోనే ఉన్న పరిశోధన సంస్థలు గోపన్‌పల్లిలోని టీఐఎఫ్‌ఆర్‌ను గాని, తార్నాకలోని ఐఐసీటీని గాని ముందుగా సంప్రదించి, నమూనాను మెత్తగా నూరి, ద్రావణి జాడ లేకుండా ఆరబెట్టి తీసుకువెళ్లాలి. క్రాస్ పోలరైజేషన్‌తో (హైడ్రోజన్ కేంద్రకాల అయస్కాంతత్వాన్ని కార్బన్‌కు మళ్లించి సంకేతాన్ని పెంచే పద్ధతి) తీసిన వర్ణపటంలో శిఖరాల వైశాల్యాలు నేరుగా పరిమాణాలు కావు. ఆ మళ్లింపుకు ఇచ్చే కాంటాక్ట్ సమయాన్ని మార్చి మార్చి తీసి సరిచూసుకోవాలి. చివరగా డీఎస్‌సీలో (వేడిచేసేటప్పుడు నమూనా పీల్చే ఉష్ణాన్ని కొలిచే పరికరం) గాజు పరివర్తన ఉష్ణోగ్రతను, అంటే గట్టి గాజులాంటి పాలిమర్ మెత్తబడే ఉష్ణోగ్రతను, చూడాలి. ముడులు పెరిగే కొద్దీ అది పైకి జరుగుతుంది. ఉబ్బుదల ఒకటి, డీఎస్‌సీ మరొకటి చెబితే, ఏ విలువనైనా రాసే ముందు మిగిలిన వినైల్ శాతాన్ని మళ్లీ కొలవాలి.