ద్వారం వారి ఫిడేలు ఎలా వినాలి? కొత్తగా మొదలుపెట్టేవాళ్ళ కోసం

ఫిడేలు విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పేరు మనలో చాలామందికి తెలుసు. విశాఖ బీచ్ రోడ్డులో విగ్రహం చూసే ఉంటారు, ఆయన పేరున్న కళాక్షేత్రంలో ఏదో ఒక ఫంక్షన్‌కి వెళ్ళే ఉంటారు. కానీ ఆయన వాయించింది పది నిమిషాలు కుదురుగా కూర్చుని విన్నారా అని అడిగితే మాత్రం "మాకు క్లాసికల్ అర్థం కాదండీ" అని జారుకుంటారు. నేనూ చాలా ఏళ్ళు అలాగే జారుకున్నాను. ఆయన్ని వినడానికి రాగాల పేర్లు కంఠతా రానక్కర్లేదు, ఒక చిన్న సంగతి పట్టుకుంటే చాలని ఆలస్యంగా తెలిసింది. అదేంటో, ఎలా పట్టుకోవాలో చెప్తాను.

ముందు సరైన రికార్డింగ్ దొరకాలి. ఇక్కడే సగం మంది దారి తప్పుతారు. నెట్‌లో "ద్వారం వయొలిన్" అని కొడితే ఆ ఇంటివాళ్ళందరూ వస్తారు. ఆయన కూతురు మంగతాయారు గారు, కొడుకు భావనారాయణరావు గారు, ఇంకా ఆ కుటుంబంలో ఫిడేలు పట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. అందరూ పెద్ద విద్వాంసులే, కాదనను. కానీ నేను నెల రోజులు ఒక రికార్డు విని, అందరికీ పంపి, తీరా చూస్తే అది పెద్దాయనది కాదు. పరువు పోయింది. కాబట్టి పూర్తి పేరుతో వెతకండి. పెద్దాయన 1964 నవంబర్ 25న కాలం చేశారు, రికార్డు మరీ శుభ్రంగా, స్టీరియోలో, నిన్న మొన్న తీసినట్టు ఉంటే ఒకసారి అనుమానించండి.

దొరికాక ఫోన్ స్పీకర్లో పెట్టకండి. పాత రికార్డుల్లో కింది స్థాయి అసలే పలచగా ఉంటుంది, ఫోన్ ఆ కాస్తా తినేస్తుంది. మామూలు ఇయర్‌ఫోన్స్ చాలు. మొదట్లో గరగరమని చప్పుడొస్తుంది, ఒకటి రెండు నిమిషాల్లో చెవి దాన్ని పక్కకి నెట్టేస్తుంది, టెన్షన్ పడొద్దు. గ్రామఫోన్ ప్లేటు ఒక్కో వైపు మూడు, మూడున్నర నిమిషాలే పట్టేది, అందుకని ఆ ప్లేట్ల మీది కీర్తనలు టక్కున అయిపోతాయి. కొత్తవాళ్ళకి అదే మేలు, గంటన్నర కచేరీతో మొదలుపెడితే రెండో రోజుకి మానేస్తారు. ఇంకోటి, శ్రుతి యాప్ పెట్టుకుని వినే అలవాటుంటే మీ శ్రుతి ఆయన మీద రుద్దకండి. పాత ప్లేట్లని కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు వేగం కాస్త అటూ ఇటూ అయి శ్రుతి మారిపోయి ఉండొచ్చు. ఆయన షడ్జం, అంటే 'స', ఎక్కడ ఆగిందో అక్కడికి మీ యాప్‌నే తిప్పుకోండి.

ఇప్పుడు అసలు పని. ఫిడేలు వినకముందు, "పలుకే బంగారమాయెనా" అని ఒకసారి పైకి పాడుకోండి. మన ఇళ్ళలో అది రానివాళ్ళు తక్కువ. గొంతు బాగుందా లేదా అన్నది వదిలేసి, 'ప', 'లు', 'కే' అన్నప్పుడు నోట్లో ఏం జరుగుతోందో గమనించండి. 'ప' దగ్గర పెదాలు మూసుకుని తెరుచుకున్నాయి, 'లు' దగ్గర నాలుక తగిలింది, 'కే' దగ్గర వెనక ఎక్కడో గొంతు చిన్నగా నొక్కింది, ఆ తర్వాత సాగింది. ఇప్పుడు అదే వరుస నోరు మూసి 'ఊ' అని కూనిరాగం తీయండి. అక్షరాలు పోయాయి, పాట చదునైపోయింది కదా. ఫిడేలుకి పెదాలూ లేవు, నాలుకా లేదు. ఉన్నది కమాను ఒక్కటే, కర్రకి బిగించిన గుర్రపు వెంట్రుకల కుచ్చు. దాంతో 'ప' వేరుగా, 'కే' వేరుగా వినిపించాలి. ఎక్కడ నొక్కాలి, ఎక్కడ తేల్చాలి, ఎక్కడ కమాను తిప్పాలి, ఎక్కడ తిప్పకుండా నాలుగు స్వరాలు ఒకే లాగుడులో లాగించాలి, సాహిత్యం చెప్పేదంతా దాంట్లోనే ఉంటుంది. నాయుడు గారి దగ్గర వినాల్సింది నా లెక్కలో మొదట ఇదే.

అందుకని, ఆయన రికార్డుల్లో మీకు మాటలు తెలిసిన కీర్తన ఒకటి ఎంచుకోండి. తెలియకపోతే అదే కీర్తన ఎవరైనా పాడింది తీసుకుని, సాహిత్యం ఎదురుగా పెట్టుకుని రెండు మూడుసార్లు వినండి. తర్వాత ఫిడేలు పెట్టి, మనసులో మాటలు అనుకుంటూ వెళ్ళండి. పల్లవి రెండోసారి వచ్చేసరికి వేళ్ళు పాడుతున్నట్టు, కమాను మాట్లాడుతున్నట్టు అనిపిస్తుంది. అనిపించకపోతే ఆ పూట వదిలేసి మర్నాడు చూడండి, నాకు నాలుగో రోజుకి గానీ పట్టుబడలేదు.

రెండో పరీక్ష ఇంకా సరదాగా ఉంటుంది. ఆయన ఎక్కడో ఒక స్వరం మీద నిలబడతారు. అప్పుడు కమాను ఒక కొసకి వచ్చి వెనక్కి తిరగాల్సిందే, కమాను పొడుగు అంతే మరి. ఆ మలుపు ఎక్కడో మీ చెవితో పట్టుకోండి. నేర్చుకునే పిల్లలు వాయిస్తే ఆ మలుపు దగ్గర గీర్‌మని తెలిసిపోతుంది. ఈయన దగ్గర నేను కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి వెతికి, చాలాసార్లు ఓడిపోయాను.

మన ఫిడేలు తూర్పు నుంచి పడమరకి వెళ్ళింది కాదు, పడమర నుంచి వచ్చింది. కీర్తనలు రాసిన ముత్తుస్వామి దీక్షితర్ తమ్ముడు బాలుస్వామి దీక్షితర్ మద్రాసులో యూరోపియన్ దగ్గర నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చినవాళ్ళలో ముందువాడు. పడమటివాళ్ళు నిలబడి గడ్డం కింద పెట్టుకుంటారు. మనవాళ్ళు కింద కూర్చుని, కొస కుడి చీలమండ మీద ఆనించి, తీగల్ని స, ప, స, ప అని శ్రుతి చేసుకుంటారు. ఫిడేలు బరువు కాలు మోస్తుంది కాబట్టి ఎడమ చెయ్యికి తీగ మీద జారడానికి స్వేచ్ఛ ఉంటుంది, గమకాలు, అంటే స్వరాన్ని ఊపి, జార్చి పలికించడాలు, పలికేది ఆ జారుడులోనే. వీణకున్నట్టు మెట్లు లేని వాద్యం, వేలు వెంట్రుకవాసి తప్పినా అపస్వరమే. నాయుడు గారికేమో చూపు చాలా తక్కువ.

జీవితం సంగతికొస్తే, కథలా చదివి పక్కన పెట్టేయకండి, రికార్డు వింటూ మధ్యలో చదవండి. 1893 నవంబర్ 8న బెంగుళూరులో పుట్టారు, నాన్నగారు సైన్యంలో పనిచేసేవారు, పెరిగింది మాత్రం విశాఖ వైపు. అన్నగారు వెంకటకృష్ణయ్య గారే మొదటి గురువు. 1919లో విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాల్. విద్యార్థిగా చేరదామని వెళ్ళిన నాయుడు గారిని, వాయించింది విని మాస్టారుగా పెట్టుకున్నారని చెప్పుకుంటారు. అప్పటికి ఆయనకి పాతికేళ్ళు దాటి ఏడాదో ఏమో. 1936లో దాసుగారి తర్వాత ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల, సుశీల చదువుకున్న కళాశాల అది. సినిమా పాటలు ఇష్టపడేవాళ్ళు ఒక పని చేయండి, సుశీల గారి పాటలో అక్షరం ఎంత తేటగా పడుతుందో విని, వెంటనే ఈయన కమాను వినండి. ఒక స్కూలు వాళ్ళే అనిపిస్తుంది. నా ఊహే అనుకోండి, కానీ వదులుకోను.

ఫిడేలు అప్పట్లో పక్కవాద్యం. గాయకుడు పాడింది వెనకాలే వాయించి, వాళ్ళు వదిలిన నాలుగు నిమిషాల్లో తన ముచ్చట తీర్చుకోవాలి. అలాంటి రోజుల్లో 1938లో వెల్లూరులో ఫిడేలే ప్రధానంగా కచేరీ చేశారు. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది, 1953లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1957లో పద్మశ్రీ, 1993లో శతజయంతికి తపాలా బిళ్ళ. బిరుదుల జాబితా ఇంతటితో చాలు. 1952లో పడమటి ఫిడేలు విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ మద్రాసు వచ్చినప్పుడు జస్టిస్ పి.వి. రాజమన్నార్ గారింట్లో నాయుడు గారి వాయింపు విని ఎంతో మెచ్చుకున్నారు. గడ్డం కింద పెట్టుకుని వాయించే లోకంలో శిఖరం లాంటి ఆయన, కింద కూర్చుని వాయించే ఈయన కమానుని ఎంత దగ్గరగా చూసి ఉంటారో అనిపిస్తుంది నాకు.

కొన్నాళ్ళు విన్నాక పోల్చి చూడండి. అదే కాలంలో మైసూరు చౌడయ్య గారు, కుంభకోణం రాజమాణిక్యం పిళ్ళై గారు ఉన్నారు, ముగ్గుర్నీ కలిపి ఫిడేలు త్రిమూర్తులు అనేవారు. మైకులు సరిగ్గా లేని రోజుల్లో నాదం వెనక వరసదాకా చేరాలని చౌడయ్య గారు ఏడు తీగల ఫిడేలు వాడారు. నాయుడు గారు నాలుగు తీగలతోనే ఉన్నారు. చౌడయ్య గారిది ఒకటి, ఈయనది ఒకటి వెంటవెంటనే వినండి, ఏ రాగమైనా సరే. ఎవరు గొప్ప అనే పంచాయితీ పెట్టకండి, ఒకాయనది హాలంతా నింపే నాదం, ఇంకొకాయనది పక్కన కూర్చుని చెప్పినట్టుండే నాదం.

విజయనగరం వెళ్ళే పనుంటే కళాశాల వైపు ఒకసారి నడవండి. సాయంత్రం పూట ఏదో గదిలోంచి సరళీ వరుసలు, అంటే మొదటి పాఠాలు, వినిపిస్తే, ఆ పిల్లల కమాను ఎక్కడ తిరుగుతోందో చెవి పెట్టి చూడండి. అక్కడ మలుపు దొరుకుతుంది.