ఈస్ట్ వాఫుల్స్: ఆవిరి ఆగేదాకా మూత తీయకండి

వాఫుల్ అంటే రెండు వేడి పలకల మధ్య గళ్లు పడేలా కాల్చే అట్టు. ఈస్ట్‌తో చేసినది పైన కరకరలాడుతూ, లోపల దూదిలా తేలికగా ఉండాలి. ఇళ్లలో చేసేది మాత్రం తరచుగా ప్లేటులో పెట్టిన రెండు నిమిషాలకే మెత్తబడి వాలిపోతుంది. అందరూ ఈస్ట్‌నో మైదానో తప్పుపడతారు గానీ, దాదాపు ప్రతిసారీ తప్పు వాఫుల్ మేకర్ మూతను ముందుగా ఎత్తిన చేతిదే.

మైదా 250 గ్రాములు, పాలు 480 మిల్లీలీటర్లు, నీళ్లు 120 మిల్లీలీటర్లు, ఉప్పు లేని వెన్న 110 గ్రాములు, డ్రై ఈస్ట్ 7 గ్రాములు, ఉప్పు, చక్కెర ఒక్కో టీస్పూను, గుడ్లు రెండు, వంటసోడా పావు టీస్పూను తీసుకోండి. వెన్నకు బదులు నూనె వాడకూడదు. చక్కెర కూడా పెంచకూడదు. పెంచితే లోపలి తడి ఆరకముందే పైభాగం మాడుతుంది.

ముందురోజు రాత్రి నీళ్లను 40 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసి, అందులో ఈస్ట్ కలపండి. పది నిమిషాల్లో నురుగు కట్టకపోతే ఆ ఈస్ట్ పారేయవలసిందే. తర్వాత గోరువెచ్చని పాలు, కరిగించిన వెన్న, ఉప్పు, చక్కెర, మైదా వేసి ఉండలు లేకుండా కలిపి, మూతపెట్టి తెల్లవారేదాకా వదిలేయండి. గది వేడిగా ఉంటే గంట తర్వాత ఫ్రిజ్‌లోకి మార్చండి. గిన్నె మాత్రం పిండికి మూడింతలు పెద్దదై ఉండాలి. ఒకసారి చిన్న గిన్నెతో సరిపెట్టుకుని, తెల్లవారుజామున వంటగట్టు మీదనుంచి పుల్లటి పిండిని గరిటెతో గీకి తీసిన అనుభవం నాకుంది.

బేకింగ్ పౌడర్‌తో అరగంటలో అయిపోతుంది కదా అని కొందరు వాదిస్తారు. ఆ పౌడర్ 19వ శతాబ్దంలో వచ్చింది. వాఫుల్స్ అంతకన్నా ఎంతో పాతవి. పౌడర్ వాయువును మాత్రమే ఇస్తుంది. ఈస్ట్ రాత్రంతా నిదానంగా పనిచేసి వాయువుతోపాటు రుచినీ వాసననూ ఇస్తుంది. తెల్లసొన విడిగా గిలకొట్టడమూ ఈ పద్ధతిలో వృథా శ్రమే.

ఉదయం గుడ్లు, సోడా కలపండి. పిండి బాగా జారుగా ఉంటుంది, అలాగే ఉండాలి. పలుచగా ఉందని కంగారుపడి మైదా చేర్చినవారికి దక్కేది రొట్టె, వాఫుల్ కాదు.

ఇక అసలు పరీక్ష. వాఫుల్ మేకర్ సిద్ధమైందని దీపం వెలిగిన తర్వాత కూడా మరో ఐదు నిమిషాలు వేడెక్కనివ్వండి. పిండి పడగానే చుయ్యిమనాలి. మూత వేసిన క్షణం నుంచి అంచుల వెంట దట్టమైన ఆవిరి ఎగజిమ్ముతుంది. అది పిండిలోని నీరు. ఆ నీరు బయటికి పోతేనే పైపొర గట్టిపడి కరకరలాడుతుంది.

రెండు మూడు నిమిషాలకు చాలామందికి చేయి ఊరుకోదు. అప్పుడు మూత ఎత్తితే పైపొర పై పలకకూ, కిందిపొర కింది పలకకూ అంటుకుని, మధ్యలో పచ్చిగా సాగుతూ వాఫుల్ రెండుగా చీలిపోతుంది. దాన్ని మళ్లీ మూసి అతికించడం ఎవరివల్లా కాదు. దీపం చెప్పేది పలకల వేడి గురించే తప్ప వాఫుల్ గురించి కాదు కాబట్టి దాన్ని నమ్మకండి.

ఆవిరినే చూడండి. అది పలుచబడి, దారంలా సన్నగిల్లి, దాదాపు ఆగిపోవాలి. చుయ్యిమనే చప్పుడు అణగి, పచ్చిపిండి వాసన పోయి, కాగిన వెన్న వాసన రావాలి. నా మేకర్‌లో ఇందుకు ఐదారు నిమిషాలు పడుతుంది. అప్పుడు మూతను వేలెడు మాత్రమే ఎత్తి చూసి, వాఫుల్ పలకను పట్టుకున్నట్టు అనిపిస్తే వెంటనే మూత దించేయండి. రంగు లేత పసుపైతే చాలదు. ముదురు గోధుమరంగు రావాలి.

తీసినదాన్ని జాలీ స్టాండ్ మీద విడివిడిగా పెట్టండి. ప్లేటులో ఒకదానిపై ఒకటి పేరిస్తే, కిందినుంచి వచ్చే ఆవిరి పైదాన్ని నానబెడుతుంది. మిగిలినవాటిని చల్లార్చి ఫ్రీజర్‌లో దాచి, తినేముందు టోస్టర్‌లో వేడిచేసుకోండి. మైక్రోవేవ్‌లో పెడితే తోలులా సాగుతాయి.